తొమ్మిదేళ్ల బాబు థెరపీకి రానంటున్నాడు. నత్తి విషయంలో పిల్లల ఇష్టం అడగాలా?

బైరాగిపట్టెడ_అమ్మ
మా బాబు నాలుగో తరగతి. మూడేళ్ల వయసు నుంచి నత్తి ఉంది. మాట మొదట్లోనే పట్టేస్తుంది, క, ప, త లతో మొదలయ్యే మాటలైతే మరీ. కళ్లు గట్టిగా మూసుకుని, కాలు నేలకేసి కొట్టి మాటను బయటికి తోస్తాడు. తిరుపతిలోనే ఒక క్లినిక్‌కి స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాం. ఆ గదిలో ఉన్నంతసేపూ మాటను సాగదీసి చక్కగా చెప్తాడు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చామా, మళ్లీ మామూలే.

ఇంట్లో చేయించమని ఒక షీటు ఇచ్చారు. సాగదీసి మాట్లాడితే స్టార్ పెట్టాలి. మర్చిపోతే నేను గుర్తు చెయ్యాలి. ఇప్పుడు వాడు నాతో మాట్లాడటమే తగ్గించేశాడు. బడి నుంచి వచ్చి సంగతులన్నీ వాళ్ల అవ్వకు చెప్తాడు, ఎందుకంటే ఆమె దగ్గర షీటు లేదు.

మొన్న క్లినిక్‌కి బయల్దేరే టైముకి "నేను రాను. అక్కడ అందరూ నా గురించి నీతో మాట్లాడతారు, నాతో మాట్లాడరు" అన్నాడు. ఆలోచిస్తే అది నిజమే. వాడు పక్కన కూర్చుని ఉండగానే "బాబు ఈ వారం ఎలా ఉన్నాడు?" అని నన్నే అడుగుతారు. మా ఆయనేమో డబ్బు కట్టేశాం, మధ్యలో ఆపేదేంటి అంటున్నారు.

థెరపీలో ఏం చెయ్యాలి, ఎంత చెయ్యాలి అని పిల్లల్ని అడగొచ్చా? అడిగితే ఇక వదిలేసినట్టేనా? మీ ఇళ్లలో ఎలా చేశారో చెప్పండి.

రేణిగుంట_రైలు
పిల్లల్ని అడిగితే బడికి కూడా వద్దంటారు. టీకా వేయించేటప్పుడు "వేయించుకుంటావా నాన్నా" అని అడిగామా? ఏడ్చినా పట్టుకుని వేయించాం. ఇదీ అంతే. ఇప్పుడు కఠినంగా ఉంటే పెద్దయ్యాక వాడే థాంక్స్ చెప్తాడు.

చిత్తూరు_మామిడి
టీకా అయితే సూది పడ్డాక పిల్లాడికి ఇంకేం పని లేదు అన్నా. మందు దాని పని అది చూసుకుంటుంది. మాట అలా కాదు కదా, ప్రతి మాటా వాడే మాట్లాడాలి. మనం పట్టుకుని మాట్లాడించలేం.

పుత్తూరు_పెద్దాయన
వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాయండమ్మా. మా కాలంలో అందరికీ అదే. నాలుక కింద తీగ గట్టిగా ఉందేమో కూడా చూపించండి.

గంగజాతర_గోల
పెద్దాయనా, మీ పుత్తూరు కట్టు ఎముకలకు చాలు, నాలుకకు వద్దులే :)

మాటతోట
వృత్తిరీత్యా స్పీచ్ థెరపిస్ట్‌ని, చిత్తూరు, తిరుపతి పిల్లలతోనే పని. పెద్దాయన మాటకు ముందు జవాబు చెప్పేస్తాను. నత్తి నాలుక మందం వల్లో, తీగ వల్లో రాదు. మాటను మెదడు సిద్ధం చేసే తీరులో ఉండే తేడా అది, వంశపారంపర్యం పాత్ర గట్టిగా ఉంది. అమ్మానాన్నల పెంపకం వల్ల, భయపెట్టడం వల్ల వచ్చేది కాదు. వసకొమ్ముతో తగ్గుతుందనడానికి ఆధారం లేదు, చిన్నపిల్లలకు అది పెట్టొద్దు.

ఇక బైరాగిపట్టెడ అమ్మగారి ప్రశ్న. అడగొచ్చు. నా లెక్కలో అడక్కపోతే అసలు థెరపీయే కాదు.

నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపిస్తుంది, వాళ్లలో చాలామందికి దానంతట అదే పోతుంది. పెద్దవాళ్లలో నూటికి ఒకరి దగ్గర ఉండిపోతుంది. తొమ్మిదేళ్లు వచ్చి, ఆరేళ్లుగా నత్తి ఉన్న పిల్లాడికి అది పూర్తిగా మాయమయ్యే అవకాశం తక్కువ. ఇది చెప్పడం కష్టమే, కానీ చెప్పకుండా స్టార్లు పెట్టించడం ఇంకా తప్పు. ఈ వయసులో మనం చూసుకోవాల్సింది వాడు చెప్పాలనుకున్నది చెప్పగలుగుతున్నాడా, చెప్పడానికి ఇష్టపడుతున్నాడా అన్నది. మీ బాబు మీతో మాటలు తగ్గించాడంటే, షీటులో ఎన్ని స్టార్లు ఉన్నా ఆ థెరపీ వెనక్కి నడుస్తున్నట్టే.

గదిలో బాగా మాట్లాడి బయట ఆగిపోవడం మొండితనం కాదు. సాగదీయడం ఒక టెక్నిక్. ప్రతి మాటకీ దాన్ని గుర్తు పెట్టుకుని వాడాలంటే మాట్లాడే విషయం మీద ధ్యాస పోతుంది. బడిలో గొడవ జరిగిందని పరుగెత్తుకొచ్చి చెప్పే పిల్లాడు టెక్నిక్ వాడడు. వాడక్కర్లేదు కూడా. ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు అన్నది వాడి నిర్ణయం.

రేణిగుంట_రైలు
మాటతోట గారూ, అంటే ప్రాక్టీసు చెయ్యకపోయినా ఫర్వాలేదంటారా? మరి ఫీజు ఎందుకు?

మాటతోట
ప్రాక్టీసు వద్దనలేదు సార్. దేన్ని ప్రాక్టీసు చెయ్యాలో వాడు ఎంచుకోవాలి అంటున్నాను. రెండూ వేరు.

కాణిపాకం_కుర్రోడు
నాకు నత్తి ఉంది. వయసు 31, బ్యాంకులో పని. రేణిగుంట అన్నకు చెప్పాలనిపించి రాస్తున్నా.

నన్నూ చిన్నప్పుడు తిప్పారు. ఒక చోట నోట్లో గులకరాళ్లు పెట్టుకుని చదవమన్నారు. ఇంకో చోట ఊపిరి పీల్చి, ఆపి, వదులుతూ మాట్లాడమన్నారు. "నీకు ఎక్కడ కష్టంగా ఉంది?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నా పేరు దగ్గర అని చెప్పేవాడిని. వేరే ఏ మాటైనా మార్చుకోవచ్చు. నీళ్లు అనలేకపోతే మంచినీళ్లు అంటాం. పేరుకు బదులు ఇంకో పేరు చెప్పలేం కదా.

కాలేజీ రోజుల్లో చిత్తూరు నుంచి తిరుపతి బస్సెక్కితే కండక్టర్ దగ్గర "తిరుపతి" నోట్లోంచి వచ్చేది కాదు. చంద్రగిరికి టికెట్ తీసుకుని అక్కడ దిగిపోయేవాడిని. అక్కడ షేర్ ఆటోవాళ్లే "తిరుపతి తిరుపతి" అని అరుస్తుంటారు, తలూపి ఎక్కేస్తే చాలు. హోటల్లో పూరీ తినాలని ఉండి ఇడ్లీ చెప్పిన రోజులు బోలెడు. క్లాసులో జవాబు తెలిసీ "తెలీదు సార్" అన్నాను.

బయటినుంచి చూసేవాళ్లకు ఆ ఏళ్లలో నా నత్తి బాగా తగ్గినట్టే కనిపించింది. మా ఇంట్లో అందరూ సంతోషించారు. నేను మాత్రం రోజంతా మాటలు తప్పించుకుంటూ బతికాను. అక్కా, నత్తి లేకుండా సాఫీగా మాట్లాడినప్పుడే స్టార్ వస్తుందని పిల్లాడికి అర్థమైతే వాడు నేర్చుకునేది ఇదే. దాచడం నేర్చుకుంటాడు.

చిత్తూరు_మామిడి
కాణిపాకం తమ్ముడూ, ఇప్పుడు తిరుపతికి టికెట్ అడుగుతున్నావా?

కాణిపాకం_కుర్రోడు
అడుగుతున్నా అక్కా. ఒక్కోసారి "తి తి తి" అని లాగుతుంది. కండక్టర్ ఆగుతాడు. ఆగకపోతే "నాకు నత్తి ఉంది, ఒక్క క్షణం" అంటాను. ఆ మాట ముందే చెప్పేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఇది నాకు థెరపీలో ఎవరూ చెప్పలేదు. ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ వాళ్ల ఆన్‌లైన్ మీటింగుల్లో నాలాంటివాళ్లను చూసి నేర్చుకున్నా. పెద్దవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒకసారి కూర్చోండి, మాట్లాడకపోయినా ఏమీ అనరు.

ఎస్వీయూ_సైకాలజీ
అందరూ పిల్లాడితో నత్తి గురించి మాట్లాడమంటున్నారు. నాకొక సందేహం. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. మామూలుగా మాట్లాడే పిల్లల్లో కొందరికి "నీకు నత్తి వస్తోంది, సరిచేసుకో" అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలు ముడుచుకుపోయారు, మాట్లాడటం తగ్గించేశారు. 2001లో విశ్వవిద్యాలయం క్షమాపణ కూడా చెప్పింది. అంటే పిల్లల ముందు నత్తి మాట ఎత్తకపోవడమే మంచిది కదా?

మాటతోట
ఆ ప్రయోగం నుంచి చాలామంది ఇదే అనుకున్నారు, కొన్ని దశాబ్దాల పాటు తల్లిదండ్రులకు అదే సలహా ఇచ్చారు. కానీ ఆ పిల్లలకు నిజంగా నత్తి రాలేదు. పేరు పెట్టడం వల్ల నత్తి పుడుతుందన్న జాన్సన్ సిద్ధాంతం తర్వాత నిలబడలేదు. ఆ పిల్లలకు జరిగింది వేరు. మాట్లాడిన ప్రతిసారీ "సరిచేసుకో" అని పెద్దవాళ్లు వెంటపడ్డారు, అందుకే నోరు మూసుకున్నారు. ఇప్పుడు మొదటి పోస్టు మళ్లీ చదవండి.

తొమ్మిదేళ్ల పిల్లాడికి తన నత్తి సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే, ఇది ఎత్తకూడనంత సిగ్గు విషయమేమో అనుకుంటాడు. మాట్లాడండి. వాడిని పక్కన పెట్టి వేరేవాళ్లతో కాకుండా వాడితోనే మాట్లాడండి.

బైరాగిపట్టెడ_అమ్మ
"సరిచేసుకో అని వెంటపడ్డారు" అన్నచోట ఆగిపోయాను. మా ఆయనకు కూడా చదివి వినిపించాను.

పలమనేరు_పంతులమ్మ
ప్రభుత్వ బడిలో టీచర్‌ని. తరగతిలో చదివించడం గురించి ఒకటి చెప్తా, ఎందుకంటే నత్తి ఉన్న పిల్లలకు రోజూ ఎదురయ్యేది అదే.

మా దగ్గర వరసగా ఒక్కొక్కరు లేచి ఒక్కో పేరా చదువుతారు. నత్తి ఉన్న పిల్లాడు తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. తన పేరా ఏదో ముందే వెతుక్కుని, అందులో కష్టమైన మాట ఎక్కడుందో చూసుకుంటాడు. ఈలోపు పాఠం ఒక్క ముక్క బుర్రలోకి వెళ్లదు.

చాలామంది టీచర్లు జాలితో "నువ్వు చదవొద్దులే కూర్చో" అంటారు. దాంతో తరగతి మొత్తానికీ వాడు చదవలేనివాడని తెలిసిపోతుంది. నేను విడిగా పిలిచి అడుగుతాను. ఒక అబ్బాయి "నన్ను మొదటే లేపండి మేడమ్, ఎదురుచూడలేను" అన్నాడు. ఒక అమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో కలిసి చదువుతానంది. ఇద్దరు కలిసి ఒకేసారి చదివితే నత్తి దాదాపు రాదు, మీరూ చూసే ఉంటారు. పాటైనా, గోవింద నామాలైనా అంతే, గడగడా వచ్చేస్తాయి. ఇంకో పిల్లాడు "ఏమీ మార్చొద్దు, నవ్వేవాళ్లను మాత్రం ఆపండి" అన్నాడు. ముగ్గురికీ నేను ఒకటే పద్ధతి పెట్టి ఉంటే ఇద్దరికి తప్పయ్యేది.

గంగజాతర_గోల
మేడమ్, మా బడిలో మీరుండాల్సింది.

రేణిగుంట_రైలు
పంతులమ్మ గారు చెప్పింది బాగుంది. కానీ అది బడి. థెరపీలో పిల్లాడికి ఏం తెలుస్తుందని ఎంచుకుంటాడు? వాడికి వదిలేస్తే ఫోన్లో గేమ్ ఆడతానంటాడు.

చిత్తూరు_మామిడి
అన్నా, మా పాపకు పదమూడేళ్లు, మా ఇంట్లో ఎలా జరిగిందో చెప్తాను, మీరే చూడండి.

వేలూరు ఇక్కడి నుంచి దగ్గరే కాబట్టి అక్కడ చూపించాం. మొదటి రోజు ఆ థెరపిస్ట్ కుర్చీ పాప వైపు తిప్పుకుని "మీ అమ్మ ఎందుకు తీసుకొచ్చిందో నాకు చెప్పింది. నువ్వెందుకు వచ్చావు?" అని అడిగింది. పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె నా వైపు చూడలేదు, నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి పాప "మా బాబాయ్ కొడుకు నా మాట పూర్తిచేస్తాడు, అది ఆపాలి" అంది. నేను అనుకున్నది ఎనిమిదో తరగతి సెమినార్. పాపకు దాని గురించి బాధే లేదు!

తర్వాత ఇద్దరూ కూర్చుని పాప మాట్లాడే సందర్భాలన్నీ కాగితం మీద రాశారు. తేలికైనవి కింద, కష్టమైనవి పైన. ఏది ముందు పట్టాలో పాపే చెప్పింది. సెషన్ మధ్యలో చాలనిపిస్తే చెయ్యి ఎత్తొచ్చు, ఎత్తితే ఆగిపోవాలి. గేమ్ ఆడతానని అనలేదన్నా. ఆపే హక్కు తన దగ్గర ఉందని తెలిశాక చెయ్యి ఎత్తడమే తక్కువ.

ఒక రోజు ఇంటి పనిగా వాళ్ల నాన్నకు నత్తి నేర్పమన్నారు. కావాలని నత్తిగా మాట్లాడటం, ఎక్కడ బిగుస్తుంది, ఎలా వదలాలి అని. ఈయన "ప ప ప పాప" అంటే, "నాన్నా, నువ్వు ఊరికే పెదాలు కొడుతున్నావు, లోపల బిగియాలి" అని ఒక గంటసేపు క్లాసు పీకింది. ఇల్లంతా నవ్వులే. ఇప్పటికీ ఈయనకు ఫస్ట్ క్లాసు రాలేదు.

మాటతోట
కావాలని నత్తిగా మాట్లాడటం పాత పద్ధతే. చార్లెస్ వాన్ రైపర్ అని అమెరికాలో ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో ఒకరు, ఆయనకూ నత్తి ఉండేది. భయపడి పారిపోతున్న దాన్ని తనంతట తాను చేసి చూస్తే, దాని పగ్గం మన చేతికి వస్తుందన్నది ఆలోచన. అయితే ఇది కూడా పిల్లలు ఒప్పుకుంటేనే. బలవంతంగా చేయిస్తే అవమానం.

రేణిగుంట సార్, తొమ్మిదేళ్ల పిల్లాడికి టెక్నిక్‌ల సంగతి తెలియదు, అది నా పని. ఏ మాట, ఎవరి ముందు, ఎప్పుడు కష్టం అన్నది నాకు తెలియదు, అది వాడికే తెలుసు. నేను నాలుగు దారులు చూపిస్తాను, వాడు ఒకటి పట్టుకుంటాడు, నచ్చకపోతే మారుస్తాం. ఏడేళ్లు దాటిన పిల్లలకు ఓయేసెస్ అని ఒక ప్రశ్నల పత్రం ఉంది, అమెరికా స్పీచ్ నిపుణులు స్కాట్ యారస్, రాబర్ట్ క్వెసల్ తయారుచేసింది. ఎన్నిసార్లు నత్తి వచ్చిందన్న లెక్క అందులో ఉండదు. బడిలో, ఇంట్లో, స్నేహితులతో నత్తి వాడిని ఎంత ఇబ్బంది పెడుతోందో వాడినే అడుగుతుంది. మీ థెరపిస్ట్ అలాంటిది ఏదైనా వాడుతున్నారా అని అడగండి.

ఇంట్లో అయితే "మెల్లగా చెప్పు", "ఊపిరి పీల్చుకో" అనేవి మానండి. మాట అందించొద్దు. కళ్లలోకి మామూలుగా చూస్తూ ఆగండి. మీరు కాస్త నిదానంగా మాట్లాడండి. సాయం కావాలా వద్దా అన్నది మాత్రం వాడిని ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడు అడిగి పెట్టుకోండి. కొందరు పిల్లలకు మాట అందిస్తేనే ఇష్టం, అలాంటివాళ్లూ ఉన్నారు.

శ్రీకాళహస్తి_స్వాతిచినుకు
మా పాపకు నాలుగేళ్లు. మాకు ఇంట్లో మెచ్చుకునే పద్ధతే చెప్పారు, లిడ్‌కోంబ్ అంట. మాట సాఫీగా వచ్చినప్పుడు "భలే చెప్పావు" అనాలి. ఇదంతా చదివాక భయమేస్తోంది. ఆపేయాలా?

మాటతోట
ఆపొద్దు మేడమ్. అది ఆస్ట్రేలియాలో తయారైంది, ఆరేళ్ల లోపు పిల్లల కోసం, దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. ఆ వయసులో నత్తి పోయే అవకాశం ఎక్కువ, తొమ్మిదేళ్ల పిల్లాడి లెక్క వేరు. అలాగని అది ఒక్కటే దారి కాదు. నెదర్లాండ్స్‌లో దాన్నీ, ఇంటి వాతావరణంలో ఒత్తిడి తగ్గించే పద్ధతినీ పోల్చి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత రెండింటికీ పెద్ద తేడా లేదు. కాబట్టి మీ పాపకు ఏది సరదాగా ఉందో అది చూడండి. "అలా అనొద్దమ్మా" అని పాప అంటే ఆ రోజుకు ఆపేసి, థెరపిస్ట్‌కు చెప్పండి. నాలుగేళ్లైనా వద్దంటే వద్దనే.

పుత్తూరు_పెద్దాయన
మా మనవడికి కూడా ఉంది. ఎవరి దగ్గరికి పోవాలి? బోర్డు పెట్టినవాళ్లంతా చదివినవాళ్లేనా?

మాటతోట
మంచి ప్రశ్న అడిగారు. ఇలాంటి నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యారా అని అడగండి, నంబరు చెప్పమనండి. బీఏఎస్ఎల్పీ అనే డిగ్రీ, అంటే వినికిడి, మాట సమస్యల చదువు, ఉండాలి. వేలూరు సీఎంసీలో విభాగం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రం వినికిడి లోపం ఉన్న పిల్లలకు, చాలామంది నత్తికి కూడా అక్కడికే వెళ్లి తిరిగొస్తుంటారు. "ఇన్ని వారాల్లో నత్తి పోగొడతాం, గ్యారంటీ" అనే బోర్డు ఎక్కడ కనిపించినా లోపలికి వెళ్లకండి.

బైరాగిపట్టెడ_అమ్మ
రాసి కొన్ని రోజులైంది. జరిగింది చెప్తాను.

షీటు తీసేశాను. ముందు వాడిని అడిగే తీసేశాను, "చించేస్తా" అంటే చించమన్నాను. తర్వాత మాటతోట గారు చెప్పినట్టు, మాట్లాడేటప్పుడు నీకు ఎక్కడ కష్టంగా ఉందిరా అని అడిగాను. నేను బడి అంటాడనుకున్నా. పీలేరులో ఉన్న మా అమ్మకు వాడే ఫోన్ చెయ్యాలట. మాట ఆలస్యమైతే లైను కట్టయిందనుకుని మా అమ్మ "హలో, హలో" అని పెట్టేస్తుందట. నిజమే, ఆమె అలాగే పెట్టేస్తుంది. ఎవరికీ తట్టలేదు.

థెరపిస్ట్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఇకపై ఏదున్నా ముందు బాబునే అడగండి, నేను బయట కూర్చుంటాను అన్నాను. ఆమె కాదనలేదు, కొంచెం ఆశ్చర్యపోయింది. వాడే చెప్పాడు: ఫోన్ ప్రాక్టీసు కావాలి, బొమ్మ చూసి వాక్యాలు చెప్పడం వద్దు. వారానికి రెండుసార్లు కాదు, ఒకసారి. మా ఆయనకు ఆ చివరిది నచ్చలేదు. కారులో చాలాసేపు వాదించుకున్నాం. ఒక నెల చూద్దాం అన్నారు.

నత్తి అలాగే ఉంది. కానీ బడి సంగతులు మళ్లీ నాకు చెప్తున్నాడు.

కాణిపాకం_కుర్రోడు
అక్కా, మీ అమ్మగారికి ముందే చెప్పి పెట్టండి, మాట రాకపోతే లైన్లోనే ఉండమని. లేదంటే వాడినే చెప్పమనండి, "అవ్వా, నేను ఆగితే పెట్టేయొద్దు" అని. వాడు చెప్తేనే ఇంకా బాగుంటుంది.

బైరాగిపట్టెడ_అమ్మ
వాడే చెప్తానన్నాడు. ఆదివారం చేస్తాడట.

రేణిగుంట_రైలు
నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. వారానికి ఒకసారి చాలదనే నా అభిప్రాయం, బాబు నాన్నగారు చెప్పిందే కరెక్టు. కానీ ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా వాడికి ఐదేళ్లు, ఈమధ్యే మొదలైంది. అందుకే అంత గట్టిగా మాట్లాడాను. ఐదేళ్లవాడిని ఏమని అడగాలి?

మాటతోట
పెద్ద ప్రశ్నలేం వద్దు సార్. నత్తి వచ్చినప్పుడు "ఆ మాట గట్టిగా ఉంది కదా" అని మామూలుగా అనండి, ఏమంటాడో చూడండి. "నేను ఆగనా, సాయం చెయ్యనా?" అని అడగండి. రోజూ ఒక ఐదు నిమిషాలు వాడు చెప్పిన ఆటే ఆడండి, మీరు ప్రశ్నలు వెయ్యకుండా వాడి వెంట నడవండి. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే అలవాటు చేసుకోండి. మొదలై ఎన్ని నెలలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, మాట్లాడటానికి వెనకాడుతున్నాడా, ఈ మూడూ రాసిపెట్టుకుని ఈ నెలలోనే ఒకసారి చూపించండి. ఐదేళ్ల వయసులో ఎదురుచూస్తూ కూర్చోవద్దు. లోపలికి వెళ్లాక కుర్చీ మాత్రం వాడిదే ముందు వెయ్యమనండి.

రేణిగుంట_రైలు
మా నాన్నకు ఉండేది. రాసుకుంటాను. సోమవారం ఫోన్ చేసి టైము తీసుకుంటా.